ఏలూరు రోడ్డు దుకాణంలో కొన్న కోరీలు: ఏడాది తర్వాత

విజయవాడలో రంగుచేపల దుకాణాలకు కొదవ లేదు. అయితే చేపను కొన్న మర్నాడే దుకాణం మంచిదని చెప్పడం తొందరపాటు అవుతుందని, ఏలూరు రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక సందులోని చిన్న అక్వేరియం దుకాణం గురించి ఏడాదికి పైగా ఆగి ఇప్పుడు రాస్తున్నాను. అక్కడ కొన్న ఆరు బ్రాంజ్ కోరీలు ఈ వానాకాలంలో మా ఇంటి తొట్టిలో గుడ్లు పెట్టాయి.

కోరీ దక్షిణ అమెరికా చేప. మన కృష్ణలో దొరికే జెల్లకు దూరపు చుట్టం. మూడంగుళాలకు మించి పెరగడం అరుదు. ఒంటి మీద పొలుసులకు బదులు ఇరువైపులా రెండేసి వరుసల ఎముక పలకలుంటాయి. అడుగున మీసాలతో మేత వెతుక్కుంటూ, నడుమ నడుమ ఒక్కసారిగా పైకి దూసుకువచ్చి గాలి మింగి వెళ్తుంది. ఆ గాలిని పేగుతో పీల్చుకుంటుందనీ, చూసి జబ్బేమోనని భయపడవద్దనీ యజమాని ముందుగానే చెప్పారు.

నిరుడు జూలైలో మొదటిసారి వెళ్ళినప్పుడు ఆయన చేపలను అమ్మలేదు. ‘ఇవి నిన్ననే దిగాయండీ, వారం ఆగి రండి’ అన్నారు. కొత్త సరుకును వేరే తొట్టిలో, వేరే వలతో ఉంచి, మేత తింటున్నాయని నిర్ధారించుకున్నాకే అమ్మడం ఆయన పద్ధతి. నేను ఈ దుకాణాన్ని మెచ్చుకోవడానికి మొదటి కారణం ఇదే. రెండోది, ‘జత’ అన్న మాటను ఆయన వాడే తీరు. మన దుకాణాల్లో చేపలను జతల లెక్కన అమ్ముతారు కనుక జత అంటే ఒక ఆడది, ఒక మగది అని కొనేవారు నమ్ముతారు. కోరీ పిల్లల్లో ఆ తేడా కనిపించదు. పెద్దయ్యాక పైనుంచి చూస్తే ఆడది పొట్ట దగ్గర వెడల్పుగా ఉంటుంది. ఆయన ఈ సంగతి దాచకుండా చెప్పి, గుంపుగా బతికే చేప కాబట్టి ఆరింటిని తీసుకుంటే రెండు రకాలూ ఉండే అవకాశం ఎక్కువని వివరించారు. మా ఆరింటిలో రెండు ఆడవయ్యాయి. జెల్లకు ఉన్నట్టే వీటి రెక్కలకు గట్టి ముళ్ళుంటాయి, అవి కవరును పొడిచేస్తాయి. అందుకని రెండు కవర్లు ఒకదానిలో ఒకటి తిరగేసి కట్టి ఇచ్చారు.

తొట్టి అడుగున పరచడానికి అక్కడే కొన్న రంగురాళ్ళ విషయంలో మాత్రం నాకు ఫిర్యాదు ఉంది. కోరీల కోసమని చెప్పినా పనిచేసే కుర్రవాడు మొనలున్న రాళ్ళే తూచి ఇచ్చాడు. రెండు నెలల్లో చేపల మీసాలు అరిగి పొట్టివయ్యాయి. రాళ్ళ సందుల్లో మేత కుళ్ళడం వల్ల హాని ఇంకా పెరిగింది. రాళ్ళు తీసేసి, బాగా కడిగిన సన్నని ఇసుక పరిచాక మీసాలు మెల్లగా కోలుకున్నాయి. యజమాని తప్పు ఒప్పుకున్నారు గానీ, ఆ రాళ్ళ సంచులు ఇవాళ్టికీ ముందు వరుసలోనే ఉన్నాయి. అలా ఉండకూడదు.

అక్కడే కొన్న స్పాంజ్ ఫిల్టర్ (నీటిని స్పాంజ్ గుండా వడకట్టే పరికరం) మాత్రం పెట్టిన డబ్బుకు పూర్తిగా న్యాయం చేసింది. అది చిన్న పిల్లలను లోపలికి లాగదు. మన మే నెల ఎండల్లో నీటి మీదికి టేబుల్ ఫ్యాను తిప్పి పెట్టుకొమ్మన్న సలహా కూడా ఆయనదే. ఆవిరితో పాటు వేడి కూడా పోయి నీరు 30 డిగ్రీల దగ్గర నిలిచింది. ఆ సలహా లేకపోతే నా చేపలు వేసవి దాటేవి కావని నా నమ్మకం.

ఈ ఏడాది జూలైలో వాన పట్టిన ఒక రాత్రి, మూడో వంతు నీరు తీసి, క్లోరిన్ పోయేలా నిలవ ఉంచిన నీటిని కాస్త చల్లగా పోశాను. వాననీరు కలిసి నది చల్లబడినట్టు అనిపించడమే ఈ చేపలకు సంకేతం. తెల్లవారేసరికి ఆడది మగదాని పక్కన అడ్డంగా ఆనుకుని, కింది రెక్కలను దోసిలిలా కలిపి, రెండు మూడు గుడ్లను అందులో పట్టుకుని, అద్దాన్ని వెతికి అంటించడం కనిపించింది. ఆ దృశ్యం ముందు గంటసేపు కదలలేదు. నూటికి పైగా గుడ్లు. పెద్దవి తినేస్తాయి కనుక వేలితో మెల్లగా దొర్లించి, అదే నీరున్న వేరే తొట్టిలోకి మార్చి, నీరు లేత నీలమయ్యే వరకు బూజును అడ్డుకునే మిథిలీన్ బ్లూ మందు చుక్కలు, ఒక ఎండిన బాదం ఆకు వేశాను. బూజు పట్టి తెల్లబడిన గుడ్లను రోజూ ఏరేశాను. నాలుగో రోజున పిల్లలు బయటికి వచ్చాయి.

ఆ తర్వాత దుకాణం నాకు సాయపడలేకపోయింది. పిల్లలకు సొన తీరిపోగానే కావలసిన ఆర్టీమియా (మేతగా వాడే, ఉప్పునీటిలో పెరిగే రొయ్యలాంటి అతి చిన్న జీవి) గుడ్లు రొయ్యల హేచరీలు కొనే పెద్ద డబ్బాల్లో తప్ప చిన్న పొట్లాలుగా లేవు. గుడ్డులోంచి వచ్చిన కోరీ పిల్లకు సొన రెండు మూడు రోజులకు మించి రాదు. మిథిలీన్ బ్లూ అమ్మేవారు దాని పక్కనే ఈ మేతను కూడా ఉంచాలి. తెలిసినవారు ఇచ్చిన గుప్పెడు ఆర్టీమియా గుడ్లను ఉప్పునీటిలో గాలి పెట్టి ఒక రోజు పొదిగించి గట్టెక్కాను. నలభై మూడు పిల్లలు దక్కాయి.

మొన్న ఇరవై పిల్లలను ఆ దుకాణానికే ఇచ్చాను. బదులుగా మేత, ఒక గాలి పంపు ఇచ్చారు. వాటిని చూసి యజమాని ఎంతో ముచ్చటపడ్డా, వెంటనే అడిగిన ఒకాయనకు అమ్మలేదు. మా ఇంటి పిల్లలను కూడా వేరే తొట్టిలో వదిలి, వేరే వల తగిలించి, ఆయనను వారం ఆగి రమ్మన్నారు.