ఆర్వీ అద్దెకు తీసుకోబోయే మనవాళ్లకు హెచ్చరిక: అన్నీ నడిపి చూపించేదాకా సంతకం పెట్టకండి

సెలవులకు ఆర్వీ, అంటే పడకలు, వంటగది, మరుగుదొడ్డి అన్నీ బండిలోనే ఉండే మోటార్‌హోమ్ అద్దెకు తీసుకుని అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఉన్న జయాన్, బ్రైస్ కాన్యన్ పార్కులు చుట్టి రావాలనుకుంటున్న తెలుగు కుటుంబాల కోసం ఈ హెచ్చరిక రాస్తున్నాను. మురుగు ట్యాంకు ఒలికిపోవడం, పోపు పొగకు అలారం మోగి చుట్టుపక్కల వాళ్లంతా నిద్ర లేవడం, పెట్రోలు బంకులో బండి వెనుక భాగం స్తంభానికి రాసుకోవడం వంటివి తరువాత పుట్టినరోజు విందుల్లో నవ్వుకుంటూ చెప్పుకునే ముచ్చట్లవుతాయి. అయితే అలా అభాసుపాలయ్యే ప్రతి సందర్భానికీ అద్దె ఒప్పందంలో ముందే ఒక ధర రాసి ఉంటుందని, బండి వాడకం నేర్పకుండా తాళాలు చేతిలో పెట్టిన సంస్థే ఆ ధరను మన డిపాజిట్టులోంచి కోసుకుంటుందని మాకు అనుభవం మీద తెలిసింది.

మేము లాస్ వేగస్‌లో తీసుకున్నది క్లాస్ సీ రకం బండి, అంటే ట్రక్కు చట్రం మీద కట్టి, డ్రైవరు నెత్తిన ఒక పడక కూడా అమర్చిన ఇల్లు. రెండు కుటుంబాలు, వాటితో పాటు గుంటూరు నుంచి వచ్చిన మా అత్తగారు, మామగారు ప్రయాణమయ్యాం. బండిని అప్పగించిన ఉద్యోగి పడకలు, టీవీ, ఫ్రిజ్ చూపించి, ట్యాంకులు, కరెంటు, జనరేటర్ విషయానికి వచ్చేసరికి "మీ ఫోనుకు వీడియోలు పంపించాం, తీరిగ్గా చూసుకోండి" అని టాబ్లెట్ ముందుకు జరిపాడు. దాని మీద మేము సంతకం పెట్టవలసిన వాక్యం మాత్రం వేరే మాట చెబుతోంది. బండిలోని వ్యవస్థలన్నింటినీ తమకు నడిపి చూపించారని, అవి సక్రమంగా పనిచేస్తున్నాయని అద్దెదారు ఒప్పుకుంటున్నట్టు అందులో ఉంది. ఆ తరువాత మేము పంపిన ప్రతి ఫిర్యాదుకూ సంస్థ ఇచ్చిన జవాబు ఆ వాక్యమే.

మురుగు సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ మంది పరువు పోయేది అక్కడే, ఎక్కువ డబ్బు పోయేదీ అక్కడే. ఆర్వీలో మూడు ట్యాంకులుంటాయి. ఒకటి మంచినీటిది, రెండోది వంట సింకులోని నీరు, స్నానాల నీరు చేరే గ్రే ట్యాంకు, మూడోది మరుగుదొడ్డి కింద ఉండే బ్లాక్ ట్యాంకు. చివరి రెండింటికీ విడివిడిగా వాల్వులున్నా, బయటికి వచ్చే గొట్టం ఒకటే, దాని చివర ఒక మూత ఉంటుంది. వాల్వులు బిగుసుకుని ఉంటే మూత తీసినప్పుడు చుక్క కూడా రాకూడదు. కానీ వాల్వు లోపలి పలక జారే గాడిలో కాగితమో మరేదో చెత్తో ఇరుక్కుంటే, పిడి పూర్తిగా లోపలికి పోయినట్టే కనిపిస్తుంది గాని పలక మూసుకోదు, ట్యాంకులోని సరుకు మెల్లగా వచ్చి మూత వెనుక నిలబడుతుంది. మా కంటే ముందు ఎవరో వాడిన ఆ బండిలో జరిగింది అదే. జయాన్‌లోని వాచ్‌మన్ క్యాంప్‌గ్రౌండ్‌లో కొన్ని స్థలాలకు కరెంటు సదుపాయం ఉంది గాని నీటి కనెక్షను, మురుగు కనెక్షను ఏ స్థలానికీ ఉండవు, అందరూ ఒకే డంప్ స్టేషన్‌కు వచ్చి ట్యాంకులు ఖాళీ చేసుకోవాలి. వెనుక బండ్లు వరుసలో నిలబడి ఉండగా మా మిత్రుడు మూతను పావు వంతు తిప్పాడో లేదో, గొట్టం తగిలించే వ్యవధి కూడా ఇవ్వకుండా అంతా సిమెంటు మీదికి, అతని కొత్త బూట్ల మీదికి వచ్చి పడింది. తరువాతి బండివాళ్లు మర్యాదగా అద్దాలు పైకెత్తుకున్నారు. నేలంతా కడిగి శుభ్రం చేసేవరకు మేము అక్కడి నుంచి కదలలేదు.

కాబట్టి తాళాలు తీసుకునే ముందే మరుగుదొడ్డిలో కొన్ని గ్యాలన్ల మంచినీళ్లు పోయించి, బయటి మూత కింద బకెట్ పెట్టించి, ఆ ఉద్యోగి చేతనే మూత తీయించండి. నీరు కారితే ఆ బండి తీసుకోవద్దు. ప్రయాణంలో ముందు బ్లాక్ ట్యాంకు, ఆ తరువాతే గ్రే ట్యాంకు ఖాళీ చేయాలి, అప్పుడే సబ్బు నీరు గొట్టాన్ని కడుగుతుంది. మురుగు కనెక్షను ఉన్న చోట దిగినవాళ్లు బ్లాక్ వాల్వును తెరిచి వదిలేయడం మరో పెద్ద పొరపాటు, ఎందుకంటే నీరంతా పోయి ఘనపదార్థం అడుగున గుట్టగా పేరుకుని గట్టిపడుతుంది. ట్యాంకు మూడింట రెండు వంతులు నిండేవరకు దాన్ని మూసే ఉంచాలి. డంప్ స్టేషన్‌లో గొట్టాలు కడగడానికి పెట్టిన కుళాయి తాగునీటిది కాదు. దానితో మంచినీటి ట్యాంకు నింపుకున్న కుటుంబాన్ని మా కళ్ల ముందే క్యాంప్‌గ్రౌండ్ ఉద్యోగి ఆపాడు.

గ్రే ట్యాంకు విషయంలో మన అలవాట్లే మనకు చేటు చేస్తాయి. బియ్యం రెండుసార్లు కడిగి, పప్పు గిన్నెలు పారే నీటి కింద తోమితే అది ఒక్క పూటలో నిండిపోతుంది. నిండిన సంగతి సింకు చెప్పదు, బండిలో అన్నిటికన్నా కిందున్న స్నానాల తొట్టిలోంచి సాంబారు రంగు నీళ్లు పైకి వస్తాయి. ఇది మాకు జరగలేదు, పక్క స్థలంలో దిగిన కుటుంబానికి జరిగింది, ఆ వాసన మాత్రం మాకూ అందింది.

ఇంతకన్నా మోసకారి మరొకటుంది. గోడ మీది ప్యానెల్‌లో ట్యాంకులు ఎంత నిండాయో చూపే దీపాలుంటాయి. వాటి సెన్సర్ల మీద కాగితం అతుక్కుంటే ఖాళీ ట్యాంకు కూడా నిండుగా కనిపిస్తుంది. బండి తీసుకున్న రోజే మా బ్లాక్ ట్యాంకు మూడింట రెండు వంతులని చూపింది. అడిగితే, అది ఎప్పుడూ అంతే చూపిస్తుంది, పట్టించుకోవద్దన్నారు. తిరిగి ఇచ్చిన రోజు, ట్యాంకు ఖాళీ చేసి తెచ్చినా, అదే దీపాన్ని చూపించి ఖాళీ చేయని ట్యాంకు కింద రుసుము వేశారు. ఆ ప్యానెల్‌ను మొదటి రోజే తేదీ పడేలా ఫోటో తీసి పెట్టుకోండి, పట్టించుకోవద్దన్న మాటను కాగితం మీద రాయించుకోండి.

పోపు గురించి కూడా చెప్పక తప్పదు. చలికి కిటికీలన్నీ బిగించి, మా అత్తగారు ఉదయం నాలుగున్నరకు ఎండుమిర్చి వేసి పులిహోర పోపు పెట్టారు. పొగ అలారం మోగిన తీరుకు ఎదురు స్థలంలోని పెద్దాయన మంటలార్పే సిలిండరు పట్టుకుని వచ్చి తలుపు కొట్టారు. పాపం, పులిహోర పెడితే తిని వెళ్లారు. ఇలాంటప్పుడు అలారం బ్యాటరీ పీకేయాలనిపిస్తుంది, అది మాత్రం ఎప్పుడూ చేయకండి. ప్రొపేను గ్యాసు పొయ్యి, హీటరు ఉన్న చిన్న గదిలో పొగకు, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు హెచ్చరిక లేకుండా నిద్రపోవడం ప్రాణాలతో చెలగాటం. పై వెంటు తెరిచి దాని ఫ్యాను వేసుకోవాలి, లేదా పోపు పని బయట బల్ల మీద, విడిగా తెచ్చుకున్న పొయ్యి మీద చేసుకోవాలి. ఇండక్షన్ పొయ్యి తెచ్చుకునేవాళ్లు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. 30 యాంపుల కనెక్షనులో 120 వోల్టుల మీద వచ్చేది మొత్తం 3,600 వాట్లే. ఇండక్షన్ పొయ్యి ఒక్కటే 1,800 వాట్ల వరకు లాగుతుంది. దానికి తోడు ఏసీ, మైక్రోవేవ్ నడిపితే బ్రేకర్ పడిపోతుంది. కరెంటు హెచ్చుతగ్గుల నుంచి పరికరాలను కాపాడే సర్జ్ ప్రొటెక్టర్‌ను సంస్థ ఇవ్వకపోతే కొనుక్కుని వెళ్లండి. క్యాంపు స్థలంలో బండికి కరెంటు ఇచ్చే స్తంభం తప్పుగా వైరింగు చేసి ఉంటే కాలిపోయిన పరికరాల ఖర్చు కూడా అద్దెదారు నెత్తినే వేస్తారు.

జనరేటర్‌కు గంటల చొప్పున అద్దె వేస్తారు, దాని దగ్గరే మీటరు కూడా ఉంటుంది. మా ఒప్పందంలో మొదటి రీడింగు గడి ఖాళీగా వదిలేశారు, చివరి రీడింగును మాత్రం శ్రద్ధగా రాసుకున్నారు. మధ్యలో ఎన్ని గంటలు మావో వాళ్లే నిర్ణయించారు.

బండి పొడవు, ఎత్తు గురించి మాకు ఒక్క మాటైనా చెప్పలేదు. వెనుక చక్రాల తరువాత కూడా బండి కొన్ని అడుగులు సాగి ఉంటుంది కనుక, కుడికి మలుపు తిప్పితే తోక ఎడమకు ఊగుతుంది. పెట్రోలు బంకుల్లో పసుపు స్తంభాలకు ఇన్ని గీతలు ఎందుకుంటాయో అప్పుడు అర్థమవుతుంది. మా బిల్లులో వెనుక మూల మీది గీతకు పెద్ద మొత్తం వేశారు. ఆ గీత మేము తీసుకున్న రోజున తీసిన వీడియోలోనే ఉన్నందువల్ల ఆ పద్దు ఒక్కటీ వెంటనే కొట్టేశారు. పైకప్పు, కింది భాగం, బండి పక్కన నీడకు చాచే ఆనింగ్ గుడ్డ విప్పి ఉండగా దాని రెండు వైపులూ కూడా వీడియో తీయండి. గాలి లేచినప్పుడు ఆనింగ్ మడవకుండా నిద్రపోయిన ప్రతి ఒక్కరూ దాని ధర తెలుసుకునే ఇంటికి వెళతారు. ఇక ఎత్తు సంగతి. ఏసీ పెట్టెతో కలిపి నేల నుంచి ఎంతో కొలిచి, కాగితం మీద రాసి డ్రైవరు ముందు అంటించుకోవాలి. ఉత్తర కరోలినాలోని డర్హమ్‌లో 11 అడుగుల 8 అంగుళాల రైలు వంతెన ఏళ్ల తరబడి అద్దె ట్రక్కుల, ఆర్వీల కప్పులు చీల్చి పేరు తెచ్చుకుంది, 2019లో దాన్ని 12 అడుగుల 4 అంగుళాలకు పెంచవలసి వచ్చింది. చాలా అద్దె ఒప్పందాల్లో పైకప్పుకు తగిలిన దెబ్బలకు బీమా వర్తించదు.

జయాన్ నుంచి బ్రైస్ వెళ్లే దగ్గరి దారిలో 1930లో పూర్తయిన, మైలు పైచిలుకు పొడవున్న కొండ సొరంగం ఉంది. కమాను పక్కలకు వంగి ఉండటం వల్ల పెద్ద బండ్లు మధ్య గీత మీద నడవాలి, అందుకోసం ఎదురు రాకపోకలు ఆపి 15 డాలర్లు తీసుకునేవారు. 11 అడుగుల 4 అంగుళాల ఎత్తు గాని, 7 అడుగుల 10 అంగుళాల వెడల్పు గాని దాటిన బండ్లను 2026 జూన్ నుంచి ఆ దారిలో అసలు అనుమతించబోమని పార్కు అధికారులు ప్రకటించారు. అద్దె క్లాస్ సీ బండ్లు సాధారణంగా ఈ కొలతలు దాటుతాయి కనుక చుట్టుదారి మైళ్లను ముందే లెక్కలో వేసుకోండి, ఎందుకంటే ఉచిత మైళ్లు దాటాక ప్రతి మైలుకూ ధర ఉంటుంది. మోంటానాలోని గ్లేసియర్ పార్కులో కొండ మీది ప్రసిద్ధమైన రహదారి మీద 21 అడుగుల పొడవు దాటిన బండిని కీలక భాగంలో అనుమతించరు. అక్కడికని చెప్పి అద్దెకు తీసుకుంటున్నా ఆ మాట మీకు ఎవరూ చెప్పరు.

పెద్దవాళ్లను తీసుకువెళ్లేవారికి ఒక మాట. "ఏడుగురు పడుకోవచ్చు" అని ప్రకటనలో ఉంటే ఏడు సీటు బెల్టులు ఉన్నాయని అర్థం కాదు. బండి నడుస్తుండగా పెద్దవాళ్లను మంచం మీద పడుకోబెట్టి తీసుకువెళ్లే ఆలోచన చేయవద్దు.

1,500 డాలర్ల డిపాజిట్టులో మాకు మొదట తిరిగి వచ్చింది 380 డాలర్లు. మురుగు గొట్టం మార్చినందుకు, ఖాళీ చేయని ట్యాంకుకు, వంట వాసన పోగొట్టినందుకు, జనరేటర్‌కు విడివిడిగా పద్దులు వేశారు. వాసన పద్దు చదివినప్పుడు మా అత్తగారు నొచ్చుకున్నారు, నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది కూడా అదే. క్రెడిట్ కార్డుతో కట్టి ఉండటం వల్ల కొంత వెనక్కి వచ్చింది. బిల్లింగు పొరపాటు మీద ఫిర్యాదు చేయడానికి, ఆ పద్దు కనిపించిన మొదటి స్టేట్‌మెంటు పంపిన తేదీ నుంచి 60 రోజుల్లోగా కార్డు సంస్థకు రాతపూర్వకంగా అందేలా పంపాలి. ఫోనులో మాట్లాడి ఊరుకుంటే చట్టం ఇచ్చే రక్షణ మిగలదు. డెబిట్ కార్డుతో, నేరుగా బ్యాంకు బదిలీతో డిపాజిట్టు కట్టమనే చోటికి వెళ్లకండి. మీ సొంత కారు బీమా గాని, కార్డుతో వచ్చే అద్దె కారు బీమా గాని మోటార్‌హోమ్‌కు చాలాసార్లు వర్తించవు కనుక రెండు చోట్లా అడిగి, జవాబును ఈమెయిల్‌లో తెప్పించుకున్నాకే కౌంటరు దగ్గర అమ్మే బీమా అవసరమా కాదా అన్నది తేల్చుకోండి.

బండి తిరిగి ఇచ్చేటప్పుడు మా మిత్రుడికి అదే బండిని సీజను ముగిశాక చవకగా అమ్ముతామని కూడా చెప్పారు. అద్దెకు తిరిగిన ఆర్వీలను ఇలా అమ్మడం మామూలే. కొనాలనుకునేవారు మూలల్లో, పై పడక చుట్టూ, మరుగుదొడ్డి పక్క నేలను పాదంతో గట్టిగా నొక్కి చూడాలి, మెత్తగా దిగితే నీరు చేరినట్టే. టైరు మీది కోడ్‌లో చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. 3519 అని ఉంటే అది 2019లో 35వ వారంలో చేసినది, గాడులు ఎంత లోతుగా కనిపించినా అంత పాతబడ్డ టైరును నమ్మి కుటుంబాన్ని ఎక్కించకూడదు. కొన్న మూడు రోజుల్లో తిరిగి ఇచ్చేయవచ్చని మనవాళ్లలో చాలామంది అనుకుంటారు, కానీ డీలరు దుకాణంలో కొన్న వాహనానికి ఫెడరల్ ప్రభుత్వపు ఆ మూడు రోజుల నిబంధన వర్తించదు. అమ్మేవారితో సంబంధం లేని ఆర్వీ తనిఖీ నిపుణుడిని మీరే పిలిపించుకుని, ఆయన రాసిచ్చిన నివేదిక చేతికి వచ్చాకే బయానా ఇవ్వండి.