వీవీటీ కోడ్ వస్తే ఏది మేలు: కొత్త సోలెనాయిడా, మీటరా, బల్బా?

పోయిన వరదల్లో రాజోలు అవతల కాజ్‌వే మీద నీళ్లలోంచి కారు నడిపాను. తప్పే. పది రోజులకి చెక్ ఇంజన్ లైటు వెలిగింది, పికప్ తగ్గింది. స్కానర్ పెడితే పి0010 అని చూపించింది. మెకానిక్ వెంటనే "సోలెనాయిడ్ పోయిందండి, మార్చేద్దాం" అన్నాడు.

ముందు కోడ్ సంగతి. వీవీటీ అంటే ఇంజన్ వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే ఏర్పాటు. దానికి వెళ్లే ఆయిలుని కరెంటుతో అదుపు చేసేదే ఈ సోలెనాయిడ్. పి0010 అంటే సోలెనాయిడ్ సర్క్యూట్‌లోనే లోపం. పి0011 అయితే క్యామ్, అంటే వాల్వులు తెరిచే షాఫ్టు, ఉండాల్సినదానికన్నా ముందుకు జరిగిపోయిందని. దానికి చాలాసార్లు కారణం పాతబడిన ఇంజన్ ఆయిలు, మడ్డి పట్టిన ఆయిలు జాలీ. అక్కడ వైర్ల వెంట పడే ముందు ఆయిలు చూసుకోవాలి.

సోలెనాయిడ్ మార్చడం సులువే. చాలా కార్లలో ఒక బోల్టు, ఒక కనెక్టరు. కానీ లోపం వైరులో ఉంటే డబ్బు పోతుంది, లైటు మళ్లీ వెలుగుతుంది.

మీటరు, అంటే మల్టీమీటరు, నయం. కనెక్టరు ఊడదీసి సోలెనాయిడ్ రెండు పిన్నుల మధ్య ఓమ్‌లు చూడాలి. చాలా టయోటా ఇంజన్లలో 20 డిగ్రీల దగ్గర 6.9 నుంచి 7.9 దాకా ఉంటుంది, మీ కారుకి ఎంతో మాన్యువల్లో చూసుకోండి. అసలు రీడింగే రాకపోతే కాయిల్ తెగినట్టు, అప్పుడు మార్చాల్సిందే. నాది 7.4 వచ్చింది. అంటే కాయిల్ బాగానే ఉంది. కీ ఆన్ చేసి సప్లై వైరు చూస్తే 12.3 వోల్టులు. అదీ బాగానే ఉంది!

మీటరు మోసం చేసేది ఇక్కడే. అది కరెంటు లాగదు కదా, వైరులో ఒక్క పోగు మిగిలినా 12 చూపిస్తుంది. అందుకే 5 వాట్ల పార్కింగ్ బల్బుకి రెండు వైర్లు కట్టి, ఒకటి ఆ సప్లై పిన్నుకి, రెండోది బ్యాటరీ నెగటివ్‌కి పెట్టాను. మిణుగురులా వెలిగింది. వైరు పట్టుకుని వెనక్కి వెళితే ఫెండర్ లోపలి జాయింటు నిండా పచ్చటి చిలుము.

బల్బుతో జాగ్రత్త ఒకటుంది. కొన్ని కార్లలో రెండు వైర్లూ ఈసీయూకే, అంటే ఇంజన్ కంప్యూటరుకే, వెళతాయి. అక్కడ బల్బు పెట్టకండి, ఈసీయూ పోతే సోలెనాయిడ్ ఖర్చు చిల్లర అనిపిస్తుంది. ముందు వైరింగ్ డయాగ్రం చూడండి.

నా మటుకు నాకు మీటరు ముందు, బల్బు తర్వాత, కొత్త పార్టు ఆఖరున. అంతర్వేది వైపు ఉప్పుగాలి, ఇటు వరద నీళ్లు, పైగా ధాన్యం బస్తాల పక్కన కారు పెడితే ఎలుకలు. మన దగ్గర వైర్లకే గండాలెక్కువ. ఆ జాయింటు కోసేసి, సోల్డరింగ్ చేసి, పైన స్లీవు తొడిగించాక కోడ్ మళ్లీ రాలేదు.