ఊరి బస్సు కౌన్సిల్ చేతిలోనా, పెద్ద కంపెనీ చేతిలోనా?

1985 నాటి బ్రిటన్ రవాణా చట్టం వేల్స్‌లోని చిన్న కౌన్సిళ్లను ఇరకాటంలో పెట్టింది: బస్సులను విడి కంపెనీగా మార్చి తమ వద్దే ఉంచుకోవాలా, అమ్మివేయాలా? న్యూపోర్ట్ ఉంచుకుంది, నేటికీ యజమాని కౌన్సిలే. బ్లాక్‌వుడ్‌లోని ఇస్లూయిన్ బరో ట్రాన్స్‌పోర్ట్ మాత్రం 2010లో స్టేజ్‌కోచ్ అనే పెద్ద బస్సు కంపెనీ పరమైంది.

ఖర్చు: ఉంచుకుంటే కొత్త బస్సుల పెట్టుబడి ఊరి నెత్తినే పడుతుంది. అమ్మితే సొమ్ము ఒక్కసారే వస్తుంది, గిట్టుబాటు కాని రూట్లకు సబ్సిడీ అడిగేది మళ్లీ కౌన్సిల్‌నే.

ప్రమాదం: ఉంచుకున్నాక పోటీకి తట్టుకోలేకపోతే సంస్థే మిగలదు, మెర్తిర్ టిడ్‌ఫిల్ మునిసిపల్ బస్సులు 1989లో ఆగిపోయాయి. అమ్మితే ఆ భయం తప్పుతుంది, రూట్లపై మాట మాత్రం చెల్లదు.

అనువు: నా దృష్టిలో అసలు విషయం ఇదే. ఇస్లూయిన్ సంస్థకు పూర్వరూపమైన వెస్ట్ మాన్ ఆమ్నిబస్ బోర్డును 1926 చట్టంతో రెండు కౌన్సిళ్లు కలిసి ఏర్పరచుకున్నాయి. మామూలు బస్సుకు లొంగని అబెర్‌బార్గోడ్ నిట్టకొండ దారి కోసం ఆ బోర్డు ప్రత్యేకంగా బస్సులు తయారు చేయించింది. ఒక్క కొండ కోసం అంత శ్రద్ధ ఊరి సంస్థకే సాధ్యం.

కనుక న్యూపోర్ట్‌లా జనసాంద్రత, నిలకడైన రాబడి ఉన్నచోట ఉంచుకోవడం మేలు. ప్రయాణికులు తగ్గి, బస్సులు పాతబడి, కౌన్సిల్ ఖజానా ఖాళీ అయినచోట, మూతపడకముందే అమ్మడం నయం.