ఫ్రెష్‌ఆర్‌ఎస్‌ఎస్ రివ్యూ: క్రాన్ పెడితేనే అసలు సుఖం

సొంత సర్వర్‌లో నడుపుకునే ఫీడ్ రీడర్లలో (రకరకాల సైట్ల కొత్త పోస్టులను ఒకేచోట చూపేవి) నా ఓటు ఫ్రెష్‌ఆర్‌ఎస్‌ఎస్‌కే. ఉచితం, ఓపెన్ సోర్స్. పీహెచ్‌పీ నడిచే మామూలు హోస్టింగ్ చాలు. ఒక్కరి వాడకానికి ఎస్‌క్యూలైట్ డేటాబేస్ సరిపోతుంది. బయటికి కనపడాల్సింది 'పి' అనే ఫోల్డర్ ఒక్కటే. మొత్తం తెరిచి పెట్టేస్తే సెట్టింగులూ డేటా బజార్న పడొచ్చు.

ఫోన్లో ఉండే రీడర్ చాలదా? చాలదు. ఫీడ్‌లో, అంటే సైట్ ఇచ్చే కొత్త పోస్టుల జాబితాలో, పాతవన్నీ ఉండవు. వర్డ్‌ప్రెస్ మామూలుగా చివరి 10 పోస్టులే ఇస్తుంది, యూట్యూబ్ ఛానెల్ ఫీడ్ 15 వీడియోలే. రోజుకు 30 పోస్టులు వేసే వర్డ్‌ప్రెస్ సైటుని రోజుకోసారి రిఫ్రెష్ చేస్తే 20 మన కంట పడకుండానే జారిపోతాయి. సర్వర్ ఎప్పటికప్పుడు తెచ్చి దాచిపెడితే ఆ బెడద లేదు.

కానీ తెచ్చే పని దానంతటది జరగదు, క్రాన్ (చెప్పిన వేళకు పనిని తనంతట తానే నడిపే ఏర్పాటు) పెట్టాలి. డాకర్‌లో (యాప్‌ని కావాల్సినవన్నీ కలిపి ఒక డబ్బాగా నడిపే పద్ధతి) 'క్రాన్ మిన్' (CRON_MIN) వేరియబుల్‌కి 1,31, అంటే 1వ, 31వ నిమిషాలు, ఇస్తే గంటకు రెండుసార్లు నడుస్తుంది. ఖాళీగా వదిలేస్తే అసలు నడవదు. డాకర్ లేకపోతే అప్‌డేట్ స్క్రిప్టుని వెబ్ సర్వర్ యూజర్ పేరు మీదే నడపండి. రూట్‌తో (సర్వర్ మీద సర్వాధికారాలున్న యూజర్) నడిపితే కొత్త ఫైళ్లు రూట్‌వైపోయి, సైట్ వాటిలో రాయలేక పర్మిషన్ ఎర్రర్లు మొదలవుతాయి. ఫీడ్ రిఫ్రెష్ వ్యవధి మరీ తగ్గించకండి, కొన్ని సైట్లు 429 ఎర్రర్ (మరీ ఎక్కువసార్లు అడుగుతున్నారని) ఇచ్చి తలుపేస్తాయి. చాలావాటికి గంట చాలు.

ఫోన్ యాప్ కలపడం మాత్రం చిరాకే. అథెంటికేషన్ పేజీలో ఏపీఐకి (వేరే యాప్‌లు సర్వర్‌తో మాట్లాడే దారి) అనుమతివ్వాలి, ఆపైన ప్రొఫైల్‌లో ఏపీఐ పాస్‌వర్డ్ విడిగా పెట్టాలి. యాప్‌లో రోజూ వాడే లాగిన్ పాస్‌వర్డ్ కొడితే ఎన్నిసార్లు కొట్టినా లోపలికి రానివ్వదు.

రెండు లైన్లిచ్చి 'ఇంకా చదవండి' అనే ఫీడ్లకు మంచి మందుంది: ఆ ఫీడ్ సెట్టింగుల్లో వ్యాసం పేజీలో ఎక్కడుందో చెప్పే సీఎస్‌ఎస్ సెలెక్టర్ ఇస్తే పూర్తి పాఠం లాక్కొస్తుంది. అసలు ఫీడే లేని సైట్లకు ఎక్స్‌పాత్ ఉంది, పేజీలో ఏ ముక్క ఎక్కడుందో రాసి చెప్పే పద్ధతి అది. జావాస్క్రిప్ట్‌తో నింపే పేజీల్లో అది పనిచేయదు, సైట్ డిజైన్ మారినా మళ్లీ రాసుకోవాల్సిందే.

వేరే రీడర్‌కి మారాలంటే ఓపీఎంఎల్ (రీడర్ల మధ్య ఫీడ్ల జాబితాను మార్చుకునే ఫార్మాట్) ఫైల్ దించుకోవచ్చు. అందులో వచ్చేది ఫీడ్ల జాబితాయే. స్టార్ పెట్టుకున్న పోస్టులను విడిగా ఎక్స్‌పోర్ట్ చేయాలి.