బాడీ ఫ్యాట్ మిషన్: బరువు బాగానే చెబుతుంది, నడుము సంగతి మాత్రం టేపునే అడగాలి

మా అమ్మాయి ఆన్‌లైన్‌లో రెండు వేల లోపు పెట్టి నాకు బాడీ ఫ్యాట్ మిషన్ కొనిచ్చింది. అద్దం పలక, దాని మీద నాలుగు స్టీలు బిళ్లలు, ఫోన్‌లో ఒక యాప్. చెప్పుల్లేకుండా ఎక్కి నిలబడితే బరువు, కొవ్వు శాతం, కండ శాతం, నీళ్ల శాతం, విసరల్ ఫ్యాట్ అంటూ పొట్ట లోపలి కొవ్వుకి ఇంకో అంకె, అన్నీ వరసగా వచ్చేస్తాయి. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ ధరలో దొరికే కాళ్ల మిషన్లన్నీ ఒకే పద్ధతిలో పనిచేస్తాయి.

నేను తెనాలిలో లేడీస్ టైలర్‌ని. నెలసరి ఆగిపోయాక చేయించుకున్న పరీక్షల్లో పరగడుపు షుగరు 104, రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ 5.9 వచ్చాయి. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 దాకా ఉంటే ప్రీడయాబెటిస్, అంటే షుగరు జబ్బుకి ముందు మెట్టు, అంటారు. డాక్టరుగారు నా రిపోర్టు చూసి "బరువు సంగతి తర్వాతమ్మా, ముందు పొట్ట చూసుకో" అన్నారు. మిషన్ వచ్చింది అందుకే. కాబట్టి నా రివ్యూ అంతా ఆ ఒక్క ప్రశ్న మీదే: నా ఈడు ఆడవాళ్లకి పొట్టలో ఏం జరుగుతోందో ఇది చెప్పగలదా?

బరువు వరకు వంక పెట్టడానికి లేదు. 26 కేజీల బియ్యం బస్తా పెట్టి చూశాం, 26.1 చూపించింది. మళ్లీ పెట్టినా అదే.

కొవ్వు అంకెల దగ్గరే నమ్మకం సడలింది. యాప్‌లో నా వయసు పదేళ్లు తగ్గించి మా అమ్మాయి మళ్లీ ఎక్కమంది. అవే కాళ్లు, అదే నిమిషం. విసరల్ ఫ్యాట్ 11 నుంచి 9కి దిగింది! ఒంట్లో కొవ్వు వయసు మార్చి రాస్తే కరగదు కదా. మిషన్ చేసేదేమిటంటే, సన్నని కరెంటుని ఒక పాదం నుంచి పంపి ఇంకో పాదం నుంచి తీసుకుంటుంది. అది ఎక్కువగా కాళ్లలోనే తిరిగి వచ్చేస్తుంది, పొట్ట మొత్తాన్ని చూడదు. మిగతాదంతా ఎత్తు, బరువు, వయసు, ఆడా మగా చూసి కట్టే అంచనా. నీళ్లు తాగినా, ముందు రోజు ఉప్పు ఎక్కువ తిన్నా కొవ్వు శాతం అటూ ఇటూ అవుతుంది. పొట్ట లోపలి కొవ్వుని నిజంగా చూడాలంటే సీటీ స్కాన్‌లాంటివి కావాలి. మామూలుగా మనకంత అవసరం లేదు.

నా దుకాణంలో కొలతల పుస్తకాలు పాతవి కూడా దాచి ఉంచాను. ఒక్కో కస్టమరుకి ఒక్కో పేజీ. ఛాతీ, నడుము, సీటు, చెయ్యి లూజు, అన్నీ తారీఖుతో సహా ఉంటాయి. నలభై దాటినప్పుడూ యాభై దాటాకా కుట్టించుకున్న వాళ్ల పేజీలు పక్కపక్కన పెట్టి చూస్తే చాలామందిలో ఒకే తీరు కనిపిస్తుంది. సీటు ఉన్నచోటే ఉంటుంది, కొందరికి అర అంగుళం తగ్గుతుంది కూడా. నడుము మాత్రం రెండు, మూడు అంగుళాలు పెరిగి ఉంటుంది. "అక్కా, నా బరువేం పెరగలేదే, చుడీదారు టాపు ఎందుకు పట్టడం లేదు?" అని అడుగుతారు. వాళ్లు చెప్పేది నిజమే. తొడల్లో, పిరుదుల్లో కొవ్వు దాచి ఉంచేది ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్. నెలసరి ఆగి అది తగ్గిపోయాక కొవ్వు పొట్టలో, పేగుల చుట్టూ చేరుతుంది. దానికితోడు కండ తరుగుతుంది. ఆ తరిగినంత మేర కొవ్వు చేరితే కాటా మీద ముల్లు కదలదు.

పైగా చీరకి సైజు ఉండదు. లంగా బొందు ఇంకాస్త వదులుగా కట్టుకుంటే సరిపోతుంది, జాకెట్టు నడుం పైనే ఆగిపోతుంది. ప్యాంటు వేసుకునే మగవాడికి బెల్టు చెప్పే కబురు చీర కట్టే మనకి ఏళ్ల తరబడి అందదు. 2023లో వచ్చిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అనే దేశవ్యాప్త షుగరు సర్వే లెక్కల్లో ఎత్తుకీ బరువుకీ పోల్చి చూసే మామూలు ఊబకాయం 28.6 శాతమైతే పొట్ట ఊబకాయం 39.5 శాతం. కాటా మీద దొరకని వాళ్లు ఎంతమంది టేపు దగ్గర దొరుకుతారో చూడండి.

పొట్ట కొవ్వుకే ఎందుకింత భయం అంటే, పేగుల చుట్టూ ఉన్న ఆ కొవ్వు నుంచి వచ్చే రక్తం నేరుగా లివర్‌కి పోతుంది. అందులోని కొవ్వు ఆమ్లాలు ఎక్కువైతే లివర్ ఇన్సులిన్ మాట వినడం మానేసి, మనం నిద్రపోతున్నా చక్కెర వదులుతూనే ఉంటుంది. ఇన్సులిన్ తయారుచేసే గ్రంథి పాంక్రియాస్ ఇంకా ఇంకా ఇన్సులిన్ పోసి దాన్ని అదుపు చేస్తుంది. అందుకే కొన్నేళ్లు షుగరు మామూలుగానే కనిపిస్తుంది. నాకు పరగడుపు ఇన్సులిన్ కూడా చేశారు, 14 వచ్చింది. షుగరుని ఇన్సులిన్‌తో గుణించి 405తో భాగిస్తే హోమా-ఐఆర్ అనే అంకె వస్తుంది. నాది 3.6. రెండు, రెండున్నర దాటితే ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదని అనుమానిస్తారు. ఈ పరీక్ష అందరికీ అక్కర్లేదు, షుగరు, హెచ్‌బీఏ1సీ మాత్రం తప్పకుండా చేయించుకోండి.

ఇక టేపు. టైలరింగ్ సామాను కొట్లో ఇరవై, ముప్పై రూపాయలకి దొరుకుతుంది. మన ఆడవాళ్లకి నడుము 80 సెంటీమీటర్లు, అంటే ముప్పై ఒకటిన్నర అంగుళాలు దాటకూడదు. లంగా కట్టుకునే చోట కొలవకండి. చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పైఅంచుకీ మధ్యన, ఊపిరి మామూలుగా వదిలేశాక, టేపు బిగించకుండా చుట్టండి. పొట్ట లోపలికి పీల్చొద్దు. నా దగ్గరికొచ్చిన వాళ్లందరూ టేపు తగలగానే పీలుస్తారు, నేను కాసేపు మాటల్లో పెట్టి అప్పుడు చూస్తాను. టేపు మరీ పాతదైతే సాగి ఉంటుంది, స్కేలు పక్కన పెట్టి సరిచూసుకోండి.

మిషన్‌ని నేను పారేయలేదు. పొద్దున్నే బాత్రూమ్‌కి వెళ్లొచ్చి ఏమీ తాగకముందు నెలకోసారి ఎక్కుతాను. అంకె ఎంతన్నది వదిలేసి, ఎటు పోతోందో చూస్తాను. రాత్రి అన్నం తగ్గించి పప్పు, కూర పెంచాను, భోజనం కాగానే వీధి చివరిదాకా నడిచొస్తాను, రబ్బరు బ్యాండుతో కాళ్లకీ చేతులకీ వ్యాయామం చేస్తాను. అన్నంలోంచి వచ్చే చక్కెరలో పెద్ద భాగాన్ని కండ వాడుకుంటుంది కాబట్టి ఈ చివరిది మానొద్దని డాక్టరుగారి మాట. బరువు ఒక కిలో తగ్గింది. విసరల్ ఫ్యాట్ 11 దగ్గరే ఉంది. టేపు మీద నడుము 36 నుంచి 34కి వచ్చింది, హెచ్‌బీఏ1సీ 5.6కి దిగింది.

బరువు కాటా ఎలాగూ కావాలనుకునేవాళ్లు ఇది కొనుక్కోవచ్చు, కానీ పొట్ట కొవ్వు అంకె కోసమైతే వద్దు. ఆ డబ్బుతో ఒక టేపు, ఒక రబ్బరు బ్యాండు కొనుక్కోండి, మిగిలింది రక్త పరీక్షకి వస్తుంది. ఇంకోటి, గుండెకి పేస్‌మేకర్ పెట్టించుకున్న వాళ్లు ఈ మిషన్ ఎక్కకూడదు. ఆ మాట పెట్టెలోని కాగితంలో సన్నక్షరాల్లో, ఇంగ్లీషులో ఉంది. ఇంట్లో పెద్దవాళ్లుంటే ముందే చెప్పి ఉంచండి.