మొద్దుబారిన పాదాలకు వణికే పట్టీ: వాడుతున్నవాడి మాట

షుగర్‌తో అరికాళ్లలో స్పర్శ పోయినవాళ్లకు ఈ ఒక్క ముక్క చెబితే చాలు: నేనిప్పుడు గోడ పట్టుకోకుండా నిలబడి, కళ్లు మూసుకుని ముఖం కడుక్కుంటున్నాను.

కాళ్లు నేల మీద ఎలా ఆనాయో తెలియనప్పుడు మనల్ని నిలబెట్టేవి కళ్లే. అవి మూస్తే తూలిపోతాం. డాక్టరు పాదాలు దగ్గరపెట్టి కళ్లు మూసుకోమనేది ఇది చూడటానికే. 2018లో తిత్లీ తుఫాను తర్వాత పలాసలో రోజుల తరబడి కరెంటు లేదు, రాత్రి పెరట్లోకి వెళ్లాలంటే మా ఆవిడ భుజం పట్టుకోవాల్సి వచ్చేది.

మేనల్లుడు విదేశం నుంచి పంపిన ఈ జతలో బూటు లోపల పరిచే పలచని అట్ట ఒకటి, చీలమండ పైన చుట్టుకునే పట్టీ ఒకటి. బరువు వేళ్ల మీదికి వెళితే పట్టీ ముందువైపు వణుకుతుంది, మడమ మీదికి వస్తే వెనకవైపు, పక్కకి ఒరిగితే ఆ పక్క. మొదట్లో చికాకే, ఏ వణుకు దేనికో ప్రతిసారీ ఆలోచించుకోవాలి. అలాంటిది ఒక పొద్దున వాష్‌బేసిన్ దగ్గర ముఖానికి సబ్బు రుద్దుకుంటుంటే ముందువైపు గట్టిగా వణికింది, నాకు ఆలోచన వచ్చేలోపే ఒళ్లు వెనక్కి సర్దుకుంది. చేతులు రెండూ ముఖం మీదే ఉన్నాయి! మా ఆవిడను కేకేసి మళ్లీ చేసి చూపించాను. పట్టుకుందామని ఆమె చేతులు చాపి నిలబడింది గానీ అవసరం పడలేదు. ఎన్నేళ్ల తర్వాతో అంత సంతోషం.

అలాగని స్పర్శ తిరిగొచ్చిందని అనను. అరికాలు ఇప్పటికీ మొద్దే. ఈ పరికరం కనిపెట్టేది బరువు ఒక్కదాన్నే, ముల్లు దిగినా కాలినా దానికి తెలీదు, కాబట్టి రాత్రి పడుకునే ముందు పాదాలు చూసుకోవడం మానలేదు. పైగా మనం ఇంట్లో బూట్లు వేసుకుని తిరిగే మనుషులం కాదు. నేను ఇంటికని వేరే బూట్ల జత పెట్టుకున్నాను. అరసవల్లి వెళితే అట్ట బూటుతో పాటు బయటే ఉండిపోతుంది, ఎండకి కాలిన బండల మీద మళ్లీ మా ఆవిడ భుజమే దిక్కు. స్నానాల గదిలోకీ తీసుకెళ్లను, తడిస్తే పాడవుతుందని భయం. జారిపడేది ఎక్కువగా అక్కడే, అదే నా బాధ.

సొంత డబ్బు పెట్టి కొనేవాణ్ణా అంటే చెప్పలేను, చెడితే పలాసలో చూసేవాళ్లు లేరు. నాకు మొద్దు పాదాల దగ్గరే ఆగింది గనక వణుకు తెలుస్తోంది. మోకాలి దాకా పాకినవాళ్లకు పట్టీ వణికినా తెలియదు. ముందు డాక్టరు చేత చీలమండ దగ్గరా, ఆ పైన ఎముక మీదా ట్యూనింగ్ ఫోర్క్ (కొడితే వణికే రెండు కొమ్ముల లోహపు కడ్డీ) పెట్టించుకుని చూడండి, దాని వణుకు తెలిస్తేనే దీని ధర అడగండి.