సీడర్ పార్క్‌లో ఐస్ హాకీ: టెక్సస్ స్టార్స్ సీజన్ టికెట్ గురించి

2018లో ఉద్యోగరీత్యా టెక్సస్ రాష్ట్రంలోని ఆస్టిన్ ఉత్తర శివారుకు వచ్చినప్పుడు, ఇంటికి పది నిమిషాల దూరంలో, సీడర్ పార్క్‌లో, ఐస్ హాకీ ఆడే వృత్తి జట్టు ఒకటి ఉందని సహోద్యోగి చెబితే నేను నమ్మలేదు. అక్టోబరులో కూడా చెమటలు పట్టే ఊరిలో మంచు మీద ఆటేమిటని నవ్వుకున్నాను. ఆ తరువాత ఏడాదికి నాలుగైదు మ్యాచ్‌ల చొప్పున విడి టికెట్లు కొని చూస్తూ వచ్చి, 2023-24లో ధైర్యం చేసి మొత్తం సీజన్‌కు రెండు సీట్లు తీసుకున్నాను. ఈ సమీక్ష ప్రధానంగా ఆ సీజన్ గురించే అయినా, అంతకుముందూ ఆ తరువాతా చూసినది కూడా ఇందులో కలుస్తుంది.

టెక్సస్ స్టార్స్ ఆడేది అమెరికన్ హాకీ లీగ్‌లో. ఇది ఉత్తర అమెరికాలో అన్నిటికంటే పెద్ద హాకీ లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్‌కు ఒక మెట్టు కింద ఉండే లీగ్. ఇందులోని 32 జట్లలో ప్రతి ఒక్కటీ పై లీగ్‌లోని ఒక జట్టుకు అనుబంధంగా ఉంటుంది. మన జట్టు డల్లాస్ స్టార్స్‌ది. రంజీ ట్రోఫీతో పోల్చాలని తెలుగువారికి వెంటనే అనిపిస్తుంది కానీ ఆ పోలిక సగం దూరమే నడుస్తుంది. ఆంధ్ర జట్టు తన ఆటగాళ్లను తానే ఎంచుకుంటుంది, తన గెలుపు కోసమే ఆడుతుంది. ఇక్కడ ఎవరు ఉండాలో, ఎవరు రేపు విమానం ఎక్కాలో నిర్ణయించేది మూడు గంటల ప్రయాణ దూరంలో ఉన్న డల్లాస్ కార్యాలయం. పైగా మ్యాచ్‌కు దిగే 18 మంది స్కేటర్లలో (అంటే గోల్‌కీపర్లు కాని ఆటగాళ్లలో) కనీసం 13 మంది వృత్తి హాకీలో ఎక్కువ అనుభవం లేనివారై ఉండాలని లీగ్ నియమం; వారిలో 12 మంది 260 మ్యాచ్‌లకు మించి ఆడి ఉండకూడదు. అంటే సీజన్ టికెట్ కొన్నవాడు కొంటున్నది తయారైన జట్టును కాదు, తయారవుతున్న జట్టును. ఈ సంగతి నాకు టికెట్ కొనక ముందు ఎవరూ చెప్పలేదు, చెప్పినా అప్పట్లో అర్థమయ్యేది కాదేమో.

హాలు సంగతి ముందు ముగిస్తాను. 2009లో తెరిచిన ఈ హాలుకు ఇప్పుడు హెచ్‌ఈబీ సెంటర్ అని పేరు. మేము పెరుగూ కొత్తిమీరా కొనుక్కునే దుకాణాల పేరే. చిన్న హాలు కావడం వల్ల పై వరుసలో కూర్చున్నా ఆటగాడి ముఖం కనిపిస్తుంది. బాస్కెట్‌బాల్ ఉన్న రోజుల్లో ఇదే మంచు మీద చెక్క నేల పరుస్తారు. బయట ఎండ ఎంత ఉన్నా లోపలికి స్వెటర్ తప్పదు. శాకాహారులమైన మేము ఆటకు ముందు కారులోనే పులిహోర తిని వెళ్లేవాళ్లం కాబట్టి తిండి గురించి నాకు చెప్పే అర్హత లేదు.

మొదటి సీజన్ టికెట్ తీసుకునేవారికి నా సలహా ఒకటుంది: మంచు చుట్టూ ఉండే గాజు గోడ పక్కన మొదటి వరుస ఆశపడి తీసుకోవద్దు. ఒకటి రెండు మ్యాచ్‌లకు అది అద్భుతంగా ఉంటుంది. ఎగిరిపడకుండా ఉండేందుకు ముందే గడ్డకట్టించిన పక్, అంటే ఈ ఆటలో బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల, వచ్చి గాజుకు తగిలితే తుపాకీ పేలినట్టు వినిపిస్తుంది, ఆటగాడు గోడకు గుద్దుకుంటే మన మోకాళ్లకు ఆ అదురు తెలుస్తుంది. కానీ ఆ ఎత్తు నుంచి ఆట అర్థం కాదు. ఐదుగురు ఐదుగురు చొప్పున ఎప్పుడు ఎలా కదులుతున్నారో, ముప్పావు నిమిషం ఆడి ఆట ఆగకుండానే బెంచీకి వెళ్లే ఆటగాడి చోట్లోకి మరొకడు ఎలా దూకుతున్నాడో తెలియాలంటే మూలలో పదిహేనో వరుస దాకా వెళ్లాలి. మేము నవంబరులో సీట్లు మార్పించుకున్నాం. అక్కడి నుంచే నాకు నిజంగా హాకీ కనిపించడం మొదలైంది.

ఆ సీజన్‌లో కనిపించినది ఇద్దరు కుర్రాళ్ల ఆట. లోగన్ స్టాంకోవెన్, మావ్రిక్ బోర్క్. స్టాంకోవెన్ ఎత్తు ఐదడుగుల ఎనిమిది అంగుళాలు, అంటే మన వీధిలో కూడా పొడుగు అనిపించుకోడు. కానీ ఆరడుగులు దాటినవాళ్ల మధ్యలోకి దూరి, పక్ పోతే ముందుగా తానే వెనక్కి తిరిగి దాన్ని లాక్కునేవాడు. వృత్తి హాకీలో అతనికి అదే మొదటి పూర్తి సీజన్. బోర్క్ తీరు దీనికి పూర్తిగా వేరు. మనవాళ్లు ఒకరు ఎక్కువగా ఉండే పవర్‌ప్లే సమయంలో అతడు పక్ పట్టుకొని గోడ వారగా ఆగేవాడు. హాలంతా కొట్టమని అరుస్తున్నా కొట్టేవాడు కాదు. అతడు ఆగిన ఆ అర క్షణంలో ఎదుటి ఆటగాడు ఒక అడుగు ముందుకు జరిగితే, జరిగిన ఆ అడుగు ఖాళీలోంచే పక్ అవతలి వైపుకు వెళ్లిపోయేది. తొమ్మిదేళ్ల మా అమ్మాయి డిసెంబరు నాటికి అతడు ఆగగానే నా చెయ్యి పట్టుకొని, ఎవరికి ఇస్తాడో ముందే చెప్పడం నేర్చుకుంది. నాకంటే ఎక్కువసార్లు ఆమె మాటే నిజమయ్యేది.

ఫిబ్రవరి చివర డల్లాస్ నుంచి పిలుపు వచ్చి స్టాంకోవెన్ వెళ్లిపోయాడు. అప్పటికి 47 మ్యాచ్‌లలో 57 పాయింట్లతో (తాను కొట్టిన గోల్‌కు ఒకటి, గోల్‌కు పాస్ అందించినందుకు ఒకటి చొప్పున) లీగ్ మొత్తానికీ అతడే ముందున్నాడు. పండుగకు రెండు రోజుల ముందు ఇంటి పెద్దకొడుకు దుబాయి వెళ్లినట్టుంది మాకు. తరువాతి మ్యాచ్‌కు వెళ్లేసరికి అతని పేరున్న జెర్సీ వేసుకొని వచ్చినవాళ్లు కనీసం ముప్ఫై మంది కనిపించారు, వాళ్లలో మా అమ్మాయి ఒకతె. ఎవరూ బాధపడుతున్నట్టు లేదు. పక్క సీటులోని పెద్దాయన, జట్టు పుట్టినప్పటి నుంచీ వస్తున్నవాడు, ఇంటర్వెల్‌లో మంచు చదును చేసే బండి వైపు చూస్తూ, మంచివాడు ఇక్కడ మిగలకూడదయ్యా, మిగిలితే ఎక్కడో లెక్క తప్పినట్టే అన్న అర్థం వచ్చేలా చెప్పాడు. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు ఇంకో నెల పట్టింది.

బోర్క్ మాత్రం దాదాపు చివరిదాకా ఉన్నాడు. 71 మ్యాచ్‌లలో 77 పాయింట్లు చేసి లీగ్‌లో అందరికంటే పైన నిలిచాడు, ఆ ఏటి ఉత్తమ ఆటగాడి బహుమతీ అతనికే వచ్చింది. మధ్యలోనే వెళ్లిపోయినా ఉత్తమ నూతన ఆటగాడి బహుమతి స్టాంకోవెన్‌కు దక్కింది. ఇందులో నాకు బాగా నచ్చిన విషయం వేరే ఉంది: సరిగ్గా పదేళ్ల కిందట, 2013-14లో, అదే బహుమతి గెలుచుకున్న కర్టిస్ మెకెంజీ ఆ సీజన్‌లో ఇదే జట్టుకు కెప్టెన్. 2014లో టెక్సస్ ఈ లీగ్ విజేతకిచ్చే కాల్డర్ కప్ గెలిచినప్పుడు అతడు జట్టులో ఉన్నాడు, పైకి వెళ్లాడు, ఊళ్లు తిరిగాడు, 2021లో తిరిగి వచ్చాడు. వెళ్లేవాళ్ల వరుసలో ఇలా వచ్చి ఉండిపోయినవాడు ఒకడుంటేనే ప్రేక్షకుడికి పట్టుకోవడానికి ఒక కొమ్మ దొరుకుతుంది.

ఇక తక్కువైనవి. 36 ఇంటి మ్యాచ్‌లు మామూలు కుటుంబానికి ఎక్కువ. మేము వెళ్లగలిగినవి ఇరవై నాలుగు. మిగిలిన వాటిని అమ్ముకుందామని టికెట్లు మార్చే ఒక యాప్‌లో పెడితే, అది కొన్నవారి దగ్గరా అమ్మిన నా దగ్గరా రుసుము పట్టుకుంది. మంగళవారం రాత్రి టికెట్‌కు చేతికి వచ్చింది కాఫీ ఖర్చుకు సరిపోయింది. రెండవది, ప్రత్యర్థులు మళ్లీ మళ్లీ అవే. మిల్వాకీ, రాక్‌ఫర్డ్, గ్రాండ్ రాపిడ్స్, ఇలా తమ విభాగంలోని కొద్ది జట్లతోనే ఎక్కువ మ్యాచ్‌లు. మంచి జట్లే, ఆ ఏడు మిల్వాకీ వరుసగా 19 మ్యాచ్‌లు గెలిచింది కూడా. కానీ అవన్నీ విమానంలో వెళ్లవలసిన ఊళ్లు కావడంతో ఎదుటి జట్టు అభిమానులు హాలులో దాదాపు కనిపించరు. గంటన్నరలో చేరుకునే శాన్ ఆంటోనియోలో ఒక జట్టు ఉండేది. 2020లో అది నెవాడాకు తరలిపోయింది. ఆ మ్యాచ్‌లను రెండుసార్లు చూసినవాడిగా చెబుతున్నాను, పక్క ఊరివాడు తిట్టకపోతే ఆటలో ఉప్పు తగ్గుతుంది.

కొట్లాటల గురించి అడుగుతారు కాబట్టి చెబుతాను. ఉంటాయి, కానీ అనుకున్నంత తరచుగా కాదు. తెనాలి నుంచి వచ్చిన మా నాన్నగారిని ఒక మ్యాచ్‌కు తీసుకువెళితే, సరిగ్గా ఆ రోజే ఇద్దరు చేతి తొడుగులు విసిరేసి కలబడ్డారు. “కొట్టుకుంటుంటే ఆ చారల చొక్కావాళ్లు చోద్యం చూస్తారేమిట్రా?” అన్నారు. కలబడ్డవాళ్లలో ఒకడు కింద పడేదాకా రిఫరీలు విడదీయరని, ఆ తరువాత ఇద్దరినీ ఐదేసి నిమిషాలు బయట కూర్చోబెడతారని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, మన పంచాయతీ కంటే త్వరగానే తేలింది అన్నారు. పిల్లలను తీసుకువెళ్లేవారు ఇది ముందే వారికి చెప్పి తీసుకువెళ్లడం మంచిది.

2024-25కు మేము సగం సీజన్ టికెట్లే తీసుకున్నాం. లెక్కగా అది సరైన నిర్ణయమే, ఒక్క టికెట్ కూడా వృథా కాలేదు. అయితే ఆ ఏడే మటేజ్ బ్లూమెల్ 39 గోల్స్‌తో లీగ్‌లో మొదటివాడయ్యాడు, జట్టు పశ్చిమ విభాగం ఫైనల్ దాకా వెళ్లి, చివరకు కప్ గెలిచిన ఆబట్స్‌ఫర్డ్ చేతిలో ఓడింది. అందులో సగం నేను ఇంట్లో స్కోరు చూస్తూ గడిపాను. స్టాంకోవెన్ ఆ మార్చిలోనే డల్లాస్ నుంచి కూడా కరోలినా జట్టుకు మారిపోయాడు. అతని పేరున్న జెర్సీ మా అమ్మాయికి ఇప్పుడు చేతులు బిగుతైంది కానీ మార్చనంటుంది. నాకోసం కొన్న దాని మీద మాత్రం వెనుక పేరు వేయించలేదు.